సన్మానం అయ్యేదాకా

సెప్టెంబరు 4, గురువారం

సార్‌కే వచ్చింది!

పొద్దున్న మా మఠం క్లినిక్ డైరెక్టర్ సిస్టర్ ఫోను చేతిలో పట్టుకుని, పరుగులాంటి నడకతో మెట్లెక్కి వచ్చింది. మఠంలో పరుగెత్తకూడదని మాకు చెప్పే మనిషే. కథోలిక మానసిక వైద్యులు, కౌన్సిలర్ల సంఘం ఏటా ఒక్కరికే ఇచ్చే విశిష్ట సేవా పురస్కారం ఈసారి మా డాక్టర్ సార్‌కి. వచ్చే నెల నాలుగున, శనివారం సాయంత్రం, పెద్ద గుడి పక్క హాల్లో, మేత్రాణులైన బిషప్ గారి చేతుల మీదుగా.

"ప్రశంసాపత్రం రాసి చదవాల్సింది నువ్వే. ఆయన దగ్గర నీ అంత కాలం పనిచేసినవాళ్ళు ఇంకెవరున్నారు?" అంది సిస్టర్.

నిజమే. సైకాలజీ పట్టా పట్టుకుని ఈ క్లినిక్‌లో అడుగుపెట్టిన రోజున నాకు తెలిసినవి పుస్తకాలే. ఎదురుగా మనిషి ఏడుస్తుంటే కళ్ళెక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. "నేల చూపులు చూడకు, వాళ్ళు సిగ్గుపడతారు. చేతుల వంక చూడు. మొహం దాచుకోగలరు గానీ చేతులు దాచుకోలేరు" అని చెప్పింది సారే. ఈ ఊళ్ళో మనసు బాగాలేదని డాక్టరు దగ్గరికి వెళ్ళడం తప్పు కాదని జనానికి అలవాటు చేసింది కూడా ఆయనే.

గదిలోకి వెళ్ళి అభినందనలు చెప్పాను. "ఇది ముసలాళ్ళకిచ్చే బొకే అమ్మాయ్. ఇంక దయచేయండి అని మర్యాదగా చెప్పడం" అని నవ్వారు.

తర్వాత, "అమ్మ ఎలా ఉంది?" అన్నారు.

"బాగుంది సార్" అన్నాను.

అమ్మ సమాధిలో మట్టి వేసిన చేతుల్లో సార్‌వి కూడా ఉన్నాయి. సంతోషంలో ఉన్నారు, పైగా ఫోన్ల మీద ఫోన్లు. అలసట.

సెప్టెంబరు 8, సోమవారం

రోగులంతా వెళ్ళిపోయాక ప్రశంసాపత్రం కోసం సార్ దగ్గర కూర్చున్నాను. ఆ గది నాకు కంఠతా వచ్చు. బల్ల మీద బీపీ మిషను, టిష్యూల డబ్బా, గోడకి సిలువ, కిటికీకి వెలిసిపోయిన నీలం తెర. రోగి కుర్చీ సార్ కుర్చీ కంటే కాస్త ఎత్తు. కావాలని చేయించారు. తలెత్తి మాట్లాడాల్సింది డాక్టరేనట.

తన మొదటి రోగి గురించి చెప్పారు. ఒక వడ్రంగి. కొడుకు పోయాక మాట్లాడడం మానేశాడు. ఎవరెన్ని అడిగినా ఉలకడు, పలకడు. సార్ ఇంటి నుంచి కాలు విరిగిన పీట ఒకటి పట్టుకెళ్ళి, ఆయన ఎదురుగా కూర్చుని రోజూ దానికి మేకులు కొట్టేవారట, చేతకానితనమంతా కనబడేలా. కొన్నాళ్ళు చూసి చూసి ఆ వడ్రంగి ఇక తట్టుకోలేక, "అలా కాదయ్యా, మేకు అడ్డంగా పోతోంది" అన్నాడట. అదీ అతని మొదటి మాట. సార్ నవ్వారు. నేనూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను.

టీ వచ్చింది. తాగాం. కప్పు కింద పెట్టి, "నా మొదటి రోగి గురించి నీకు చెప్పానా? ఒక వడ్రంగి" అని మొదలుపెట్టారు. అవే మాటలు. "అలా కాదయ్యా" అనే ముందు అదే విరామం. అదే నవ్వు.

నేను కూడా అదే చోట నవ్వాను.

సెప్టెంబరు 9, మంగళవారం

ఇష్టమైన కథ ఎవరికైనా ఒకటుంటుంది. మా మామగారు రైలు తప్పిపోయిన కథని ప్రతి భోజనంలోనూ వడ్డించేవారు. ఆయనకేం జబ్బు లేదు. తొంభై ఏళ్ళు బతికారు.

సెప్టెంబరు 12, శుక్రవారం

టీచరమ్మ వచ్చింది. నాకిష్టమైన రోగుల్లో ఒకతె, అలా ఇష్టాలుండకూడదు గానీ. చిన్న పిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. ఒకప్పుడు నిద్ర లేకుండా ఎగిరెగిరి పడి, ఆ వెనకే మంచం దిగలేని స్థితికి జారిపోయేది. లిథియం మొదలుపెట్టాక నిలదొక్కుకుంది, పెళ్ళి చేసుకుంది, ఉద్యోగం చేసుకుంటోంది. ముందు సార్‌ని చూసి, తర్వాత నా దగ్గర కూర్చుంటుంది.

ఇవాళ కూర్చోలేదు. మందుల చీటీ చాపి నిలబడింది. "మేడం, మందు పెంచారు. నాకు మళ్ళీ మొదలవుతోందా? నాకు తెలీకుండా నాలో ఏమైనా కనబడుతోందా?"

చూశాను. కిందటిసారి వచ్చినప్పుడే ఒకసారి పెంచారు. ఆ సంగతి ఫైల్లో సార్ చేత్తోనే ఉంది. ఇవాళ మళ్ళీ పెంచారు. లిథియం రక్తంలో కాస్త తగ్గితే పని చేయదు, కాస్త ఎక్కువైతే విషం. అందుకే దానికి రక్తపరీక్షలు, అందుకే సార్ దాన్ని అంత జాగ్రత్తగా వాడేవారు.

చీటీ తీసుకుని గదిలోకి వెళ్ళాను. సార్ దాని వంక చాలాసేపు చూశారు. తర్వాత చింపేసి కొత్తది రాశారు. "ఆ పేజీ తిప్పలేదమ్మాయ్" అన్నారు. "మంచిపని చేశావు."

టీచరమ్మతో, "ఏమీ లేదు, రాతలో పొరపాటు" అన్నాను. ఎంత తేలికపడిందో. గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

పేజీ తిప్పలేదు. ఎవరికైనా జరుగుతుంది.

సెప్టెంబరు 14, ఆదివారం

పూజలో సార్ నా ముందు వరుసలో ఉన్నారు. కావాలనే చెవి పెట్టి విన్నాను. విశ్వాస సంగ్రహం ఒక్క మాట తప్పలేదు. తర్వాత జపమాల కూడా. ఏ దేవ రహస్యం తర్వాత ఏది వస్తుందో ఎవరూ అందించక్కర్లేకపోయింది. మనసు కుదుటపడింది.

చిన్నప్పటి నుంచి నోటికి వచ్చినవి అన్నిటికంటే చివరికి గానీ పోవని నాకు నేర్పింది కూడా ఆయనే. అది ఇవాళ రాయదలుచుకోలేదు.

సెప్టెంబరు 15, సోమవారం

అమ్మగారు, అంటే సార్ భార్య, ఇవాళ ఆయన వెంట క్లినిక్‌కి వచ్చారు. "ఇంట్లో తోచడం లేదమ్మా" అన్నారు. సాయంత్రందాకా వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. సార్ చేతులు కడుక్కుని వచ్చి, తన గది దాటి స్టోరు రూము తలుపు మీద చెయ్యి వేసేసరికి లేచి, "ఇటండీ, ఫ్యాను ఇటుంది" అన్నారు, ఎండకి ఓర్చుకోలేని మనిషిని పిలిచినట్టు.

అమ్మగారు ఎంత సునాయాసంగా లేచారు! అలవాటైన పని.

నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను. ఇద్దరం ఎండ గురించి మాట్లాడుకున్నాం.

సెప్టెంబరు 18, గురువారం

డైరెక్టర్ సిస్టర్‌కి చెప్పాను. చెప్పానంటే, అటూ ఇటూ తిరిగి, సార్ అలసిపోతున్నారు, చీటీలు ఎవరైనా ఒకసారి చూస్తే బాగుంటుంది, ఇలా.

సిస్టర్ ఏమీ తెలియనట్టు మొహం పెట్టలేదు. అదే నాకు భయం వేసింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"నేను వేసవి నుంచే చూస్తున్నాను" అంది. "ఆయన లేకపోతే ఈ క్లినిక్ లేదు. నాకు మా అక్క పోయినప్పుడు పూజ చేసిన ఫాదర్ కంటే ఆయనే ఎక్కువ సాయం చేశారు. ఇప్పుడు పిలిచి, మీరింక పనికిరారు అని ఏ నోటితో చెప్పను? సన్మానం అయ్యేదాకా ఆగుదాం. ఆ మర్నాడు నేనే చెబుతాను. గౌరవంగా దిగిపోతారు."

"ఈలోపు రోగులు?"

"నువ్వున్నావుగా. ప్రశంసాపత్రం వంకతో ఆయన పక్కనే కూర్చో. ప్రతి చీటీ నీ కంటబడకుండా గడప దాటనివ్వకు."

నువ్వున్నావుగా. ఆ మాటకి నేను ఉబ్బిపోయానని ఇక్కడ రాసుకోవాలి.

సెప్టెంబరు 19, శుక్రవారం

మావారికి చెప్పాను. డ్రైవింగ్ స్కూలు నడిపే మనిషికి ఏదైనా కారుతో పోల్చకపోతే తోచదు.

"అంటే నేర్చుకునేవాళ్ళ పక్కన నేను కూర్చున్నట్టు ఆయన పక్కన నువ్వు కూర్చుంటావన్నమాట" అన్నారు.

"అలాంటిదే."

"నా కారులో నా కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుందోయ్. నీ కాలి కింద ఏముంది?"

నేను డాక్టర్ని కాను, మందు రాయలేను, కొట్టేయలేను, అడగడమే చేయగలను. అవన్నీ ఆయనకి తెలుసు. కూర ఎలా ఉందని అడిగాను. బాగుందన్నారు.

సెప్టెంబరు 22, సోమవారం

పద్ధతి బాగా కుదిరింది. రోగి లేవగానే చీటీ నేను అందుకుంటాను, "ఇలా ఇవ్వండి, వేసుకునే వేళలు వివరంగా చెబుతాను" అని. ఏదైనా ఉంటే, "సార్, ఇది చూశారా" అంటాను. సార్ మారుస్తారు. కోపం తెచ్చుకోరు. ఇవాళ ఒక్క తప్పూ లేదు. చూశావా మరి!

మాట మాత్రం పోలేదు. ఒక తల్లి ఎదురుగా కుమిలిపోతుంటే ఆయన అడిగిన ఒక్క ప్రశ్నకి ఆవిడ తల పైకెత్తింది. "పిల్లాణ్ణి పక్కన పెట్టండమ్మా, మీరు అన్నం తిని ఎన్నాళ్ళయింది?" అన్నారంతే. అలాంటి డాక్టరు మళ్ళీ పుట్టరు. ప్రశంసాపత్రంలో రాసింది అబద్ధం కాదు.

సెప్టెంబరు 23, మంగళవారం

ఇవాళ మూడు.

సెప్టెంబరు 25, గురువారం

సంఘం కార్యదర్శి ఫాదర్ రమ్మంటే మేత్రాణుల కార్యాలయానికి వెళ్ళాను. జ్ఞాపిక నమూనా చూసి ఒప్పుకోవాలట. ముదురు రంగు చెక్క మీద ఇత్తడి రేకు, దానిమీద దీపం. సార్ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. అది పట్టుకున్నందుకు ఫాదర్ తెగ మెచ్చుకున్నారు. "మీ కంటికి ఏదీ తప్పిపోదమ్మా" అన్నారు. భోజనం పెట్టారు. ఆహ్వానపత్రికలు, కుర్చీల వరుసలు, ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలి, అన్నీ తేల్చి ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది.

క్లినిక్‌కి ఫోన్ చేశాను. "ఇవాళ పెద్దగా ఎవరూ రాలేదు, ప్రశాంతంగా గడిచింది" అంది సిస్టర్.

సెప్టెంబరు 26, శుక్రవారం

పాపసంకీర్తనానికి వెళ్ళాను. మావారి మీద కోపం గురించి చెప్పాను. ప్రార్థనలో పరధ్యానం గురించి చెప్పాను. ఇంకేమైనా ఉందా తల్లీ అన్నారు ఫాదర్. లేదన్నాను. మిగతాది పాపం కాదుగా, జాగ్రత్త.

సెప్టెంబరు 29, సోమవారం

ప్రశంసాపత్రం పూర్తయింది. "వేల మందికి మందు రాసిన ఈ చేయి ఏనాడూ తొందరపడలేదు" అని ఒక వాక్యం రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను. చదవడానికి బాగుంది. ఉంచాను.

అక్టోబరు 4, శనివారం

రాయలేను.

అక్టోబరు 5, ఆదివారం

రాయాలి. వరసగా రాస్తాను.

నిన్న పొద్దున్న క్లినిక్ ముందు ఆటో ఆగింది. టీచరమ్మని వాళ్ళాయన నడుము పట్టుకుని దింపుతున్నాడు. ఆమె కాళ్ళు ఎక్కడ వేస్తోందో ఆమెకే తెలియడం లేదు. నన్ను చూసి ఏదో అనబోయింది. "మేడం" అన్నమాట నోట్లో ముద్దలా తిరిగి బయటికి రాలేదు. చేతులు చూశాను. వణకడం కాదు, కొట్టుకుంటున్నాయి.

"రెండు రోజులుగా వాంతులు. నిన్నటి నుంచి తాగినదానిలా నడుస్తోంది మేడం" అన్నాడు.

"మందు ఎంత వేసుకుంటోంది?"

జేబులోంచి చీటీ తీశాడు. ఇరవై అయిదో తేదీ, గురువారం. సార్ చేతిరాత. అంత డోసు నేను ఏ రోగికీ చూడలేదు.

"నిద్ర సరిగా పట్టడం లేదని ఆ రోజు ముందుగానే వచ్చాం. మీరు లేరు. సార్ పెంచమన్నారు. మేడం చూడలేదు కదా, ఒకసారి ఫోన్ చేసి అడుగుతానంది ఇది. డాక్టర్ గారి కంటే మేడం ఎక్కువా అన్నాను, నేనే" అన్నాడు. ఆ "నేనే" అన్నప్పుడు అతని మొహం చూడలేకపోయాను.

అదే ఆటోలో పెద్దాసుపత్రికి. ఎమర్జెన్సీలో డాక్టరు చీటీ చూసి, "ఇది రాసిందెవరు?" అన్నాడు. చెప్పాను. ఆయన పేరు ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అతను నమ్మలేనట్టు చూసి, "పొరపాటా?" అన్నాడు.

"పొరపాటే. ఇదే మొదటిది కాదు" అన్నాను.

పైకి అనడం అదే మొదటిసారి. టీచరమ్మ భర్త నా పక్కనే ఉన్నాడు. విన్నాడు. నా నుంచి ఒక అడుగు పక్కకి జరిగాడు, అంతే.

రక్తం శుభ్రం చేసే మిషను మీద పెట్టారు. "బతుకుతుంది అనుకుంటున్నాం. మునుపటిలా ఉంటుందో లేదో చెప్పలేం" అన్నారు.

హాలు దగ్గరికి వెళ్ళేసరికి సాయంత్రమైంది. గేటు దగ్గర డైరెక్టర్ సిస్టర్. "ఎక్కడికి పోయావు? మేత్రాణులు వచ్చేశారు, ఫోనూ ఎత్తవు" అంది. చెప్పాను. ఆమె అక్కడే అరుగు మీద కూలబడింది. "ఫంక్షన్ అయ్యాక..." అని మొదలుపెట్టి, తన మాట తనకే వినబడి ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సార్ గుడి వెనక గదిలో ఉన్నారు, పూజ వస్త్రాలు పెట్టే బీరువాల మధ్య. కొత్త చొక్కా. అమ్మగారు కాలరు సరిచేస్తున్నారు.

"సార్, టీచరమ్మ ఆసుపత్రిలో ఉంది. లిథియం ఎక్కువై విషమైంది. మీరు రాసిన మందు" అన్నాను.

"ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి చాలా రోజులైందే" అన్నారు.

చీటీ చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "ఇంత డోసు ఎవరూ రాయరు" అన్నారు. చీటీ దగ్గరగా పట్టుకుని, "చేతిరాత నాది" అన్నారు.

అమ్మగారు, "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ, అయిదు నిమిషాల్లో పిలుస్తారు" అన్నారు. సార్ చెయ్యెత్తి ఆపారు. కుర్చీ లాగి నా ఎదురుగా వేసుకున్నారు. ఈసారి ఆయన రోగిలా కూర్చున్నారు, నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద.

"అడుగు" అన్నారు.

"సార్, ఇక్కడా?"

"అడుగమ్మాయ్. దయ చూపిస్తే ఒప్పుకోను."

జ్ఞాపకశక్తి పరీక్ష ఆయన దగ్గర నేర్చుకున్నదే. మొదలుపెట్టాను. "మూడు మాటలు చెబుతాను సార్, గుర్తుపెట్టుకోండి. తాళం, నిచ్చెన, పావురం." తిరిగి చెప్పారు, మూడూ. ఇవాళ ఏం వారం అన్నాను. "శనివారం. సన్మానం శనివారమేగా" అన్నారు, కాస్త గర్వంగా. నెల అడిగాను. కిటికీలోంచి చెట్టుకేసి చూసి, ఎండని బట్టి లెక్కగట్టి, "మే" అన్నారు. వందలోంచి ఏడేడు తీసుకుంటూ రమ్మన్నాను. తొంభై మూడు. ఎనభై ఆరు. తర్వాత పెదవులు కదిలాయి, అంకె రాలేదు.

"ఇందాక చెప్పిన మూడు మాటలు ఏంటి సార్?"

నా మొహంలోకి చూశారు. "ఎప్పుడు చెప్పావు?" అన్నారు.

అన్నాక, ఆ జవాబు ఆయనే విన్నారు. డాక్టరుగా విన్నారు. మాట మర్చిపోవడం వేరు, మాట చెప్పారన్న సంగతే మిగలకపోవడం వేరు. ఆ తేడా ఎన్ని బ్యాచ్‌లకి ఆయన పాఠం చెప్పారో నాకు తెలుసు. మోకాళ్ళ మీద చేతులు ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"ఈ నెలంతా సార్."

తిట్టలేదు. తిడితే బాగుండేది. "స్టేజీ మీద నేనే చెబుతాను" అన్నారు. "ఇంకా ఎవరెవరికి ఏం రాశానో. అందర్నీ పిలిపించాలి." తలుపు దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగారు. "మర్చిపోతే నువ్వు చెప్పు. నా పరువు చూడకు."

హాలు నిండా జనం. సగం మంది మా పాత రోగులు, వాళ్ళ కుటుంబాలు. మేత్రాణులు జ్ఞాపిక ఇచ్చారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. సార్ మైకు ముందుకి వచ్చారు. ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని ఎదురుచూశాను.

ఎంత చక్కగా మాట్లాడారో! దేవునికి, సిస్టర్లకి, రోగులకి కృతజ్ఞతలు చెప్పారు. "ఈ బహుమతి చూసి నేను దిగిపోతాననుకోకండి. సోమవారం పొద్దున్నే నా గది తలుపు తెరిచే ఉంటుంది. ఎవరైనా రావచ్చు" అన్నారు. హాలంతా లేచి నిలబడింది. కూర్చుంటూ నా వైపు చూశారు, అందరి వైపూ చూసినట్టే. ఆ చూపులో ఏమీ లేదు.

ప్రశంసాపత్రం చదవడానికి నన్ను పిలిచారు. చదివాను. "ఏనాడూ తొందరపడలేదు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. కాగితం మడిచేశాను.

"సార్ సోమవారం రోగుల్ని చూడరు. ఆయన ఆరోగ్యం బాగాలేదు" అన్నాను. "ఈమధ్య రాసిన మందుల్లో తప్పులున్నాయి. ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు. నాకు ముందే తెలుసు, సన్మానం అయ్యేదాకా ఆగాను. వేసవి నుంచి సార్ దగ్గర చీటీ తీసుకున్నవాళ్ళందరూ రేపు పొద్దున్నే చీటీలు పట్టుకుని క్లినిక్‌కి రండి. మీ అంతట మీరు మందు మానకండి, పెంచకండి. ఇంకో డాక్టరు ఉంటారు. ఇది చెప్పమన్నది సారే."

మేత్రాణుల వైపు వంగి సార్ అడగడం మైకులో అందరికీ వినబడింది.

"ఏమంటోంది ఆ అమ్మాయి?"

అక్టోబరు 6, సోమవారం

నిన్న, ఇవాళ మెట్ల కింద దాకా జనం. పక్క ఊరి నుంచి వచ్చిన డాక్టరమ్మ మంచినీళ్ళకి కూడా లేవలేదు. ఒక పెద్దాయన ఒకే మందుని రెండు పేర్లతో మింగుతున్నాడు. ఒకామెకి ఎప్పుడో ఆపాల్సింది ఆగలేదు. చాలామందివి సరిగానే ఉన్నాయి. తప్పున్నవాళ్ళు సార్‌ని ఏమీ అనలేదు. "మీరు నెల నుంచి పక్కన కూర్చున్నారుగా మేడం" అన్నారు.

డైరెక్టర్ సిస్టర్ వైద్య మండలికి రాసింది, తన పేరు మొదట, నా పేరు తర్వాత.

అక్టోబరు 8, బుధవారం

కార్యదర్శి ఫాదర్ ఫోన్. "పురస్కారం వెనక్కి తీసుకోవడం లేదమ్మా. ఆయన చేసిన సేవ చేసిందే. కాకపోతే వచ్చే ఏడాది ప్రశంసాపత్రం ఎవరు చదువుతారో ముందే చూసుకుంటాం."

అక్టోబరు 11, శనివారం

టీచరమ్మ లేచి కూర్చుంది. చెంచా నోటిదాకా వెళ్ళేలోపు సగం ఒలికిపోతోంది. పలక, సుద్దముక్క తెప్పించుకుందట. "బోర్డు మీద గీత తిన్నగా రావడం లేదు మేడం. పిల్లలు నవ్వుతారు" అంది. చాలావరకు నయమవుతుందని అక్కడి డాక్టరు అంటున్నాడు. చాలావరకు.

వాళ్ళాయన నాకు కుర్చీ వేయలేదు. నిలబడే మాట్లాడి వచ్చాను.

అక్టోబరు 16, గురువారం

ధైర్యం చేసి సార్ ఇంటికి వెళ్ళాను. సార్ నిద్రపోతున్నారు. అమ్మగారు లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. వంటింట్లో బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. జ్ఞాపిక అక్కడే ఉంది, పాలగిన్నె పక్కన.

"రోజూ పొద్దున్నే స్నానం చేసి తయారవుతారు" అన్నారు. "క్లినిక్‌కి ఆలస్యమవుతోంది, కారు తాళాలేవి అంటారు. వెళ్ళకూడదండీ అంటాను. ఎందుకు అంటారు. చెబుతాను. మొదటిసారి విన్నట్టే వింటారు. నేనా, ఆ అమ్మాయికా, బతికిందా అని అడుగుతారు. కూర్చుని ఏడుస్తారు. టిఫిను తినేసరికి ఏడ్చిన సంగతే ఉండదు. మర్నాడు మళ్ళీ తాళాలేవి."

నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"రోజూ చెప్పకండి అమ్మగారూ. ఇవాళ సెలవు అనండి. అంతే" అన్నాను.

ఆవిడ తలెత్తి నన్ను చూశారు.

"అబద్ధం చెప్పమంటావా?" అన్నారు. "నువ్వా?"

రేపు పొద్దున్న నేనే వచ్చి చెబుతానన్నాను.

అక్టోబరు 17, శుక్రవారం

వెళ్ళాను. సార్ బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే మొహం విప్పారింది. "వచ్చావా అమ్మాయ్, పద పద, జనం ఎదురుచూస్తుంటారు" అన్నారు. అమ్మగారు వంటింటి తలుపు పట్టుకుని నన్నే చూస్తున్నారు.

"సార్, ముందు కూర్చోండి" అన్నాను.